రాత్రి ఎగిరే డ్రోన్ మీద దీపం: అది ఎవరి కంటి కోసం?

2024 నవంబరు మధ్య నుంచి అమెరికాలోని న్యూజెర్సీలో జనం రాత్రిపూట ఆకాశంలో వింత దీపాలు చూస్తున్నామని పోలీసులకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. మొదట పికటినీ ఆర్సెనల్ అనే సైనిక స్థావరం పరిసరాల్లో, ఆ తర్వాత రాష్ట్రమంతటా. ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఈ కంగారు మనవాళ్ల ఇళ్లదాకా కూడా వచ్చింది. డిసెంబరు 16న ఎఫ్‌బీఐ, విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ, రక్షణ శాఖ, హోంలాండ్ సెక్యూరిటీ కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. డ్రోన్లు చూశామంటూ ఎఫ్‌బీఐకి 5,000కు పైగా సమాచారాలు అందాయి, వాటి నుంచి దర్యాప్తుకు పనికొచ్చే ఆధారాలు సుమారు 100 దొరికాయి. జనం చూసినవాటిలో చట్టబద్ధంగా ఎగిరిన డ్రోన్లున్నాయి, విమానాలున్నాయి, హెలికాప్టర్లున్నాయి, చివరికి నక్షత్రాలు కూడా ఉన్నాయి. పోలీసులతో కలిసి స్వయంగా వెళ్లి చూసిన సెనేటర్ ఆండీ కిమ్ కూడా, నిపుణులతో విమాన మార్గాలు సరిపోల్చి చూశాక, తాను చూసినవాటిలో ఎక్కువ భాగం విమానాలేనని బహిరంగంగా చెప్పారు.

అప్పుడు చాలామంది అడిగిన ప్రశ్న ఇది: డ్రోన్‌కి రాత్రిపూట దీపం తప్పనిసరి కదా, మరి ఆ దీపం చూసి అది డ్రోనో కాదో ఎందుకు చెప్పలేకపోయారు? సమాధానం నియమం రాసిన తీరులోనే ఉంది. అమెరికా నియమం కోరే దీపం నేల మీద నిలబడి చూసే మనిషి కోసం పెట్టింది కాదు.

చూసే కళ్లు మూడు, దీపాలూ మూడు రకాలు

రాత్రి ఎగిరే డ్రోన్‌ను ముగ్గురు చూస్తారు, ముగ్గురికీ కావలసింది వేరు. హెలికాప్టరో చిన్న విమానమో నడిపే పైలట్‌కి కావలసింది ఒక్కటే: నా దారిలో ఏదో ఉందని ముందుగా తెలియాలి. డ్రోన్ ఎగరేసే ఆపరేటర్‌కి అది ఎటు తిరిగి ఉందో, ఎటు పోతోందో తెలియాలి. కింద ఉన్న మనిషికి అది విమానమా, డ్రోనా అన్నది తెలియాలి.

మొదటి పనికి వాడేది యాంటీ కొలిజన్ లైటు. వాడుకలో స్ట్రోబ్ అంటారు. బాగా ప్రకాశవంతంగా, ఆగి ఆగి మెరుస్తుంది. రెండో పనికి దిశ చూపే లైట్లు. విమానాల్లో ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి: ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు ఆకుపచ్చ, తోకకు తెలుపు. డ్రోన్ తయారీదారులు మాత్రం ఎవరి పద్ధతి వాళ్లు పెట్టుకున్నారు. డీజేఐ ఫాంటమ్ డ్రోన్లలో ఎరుపు ముందుకు, ఆకుపచ్చ వెనక్కి వచ్చింది. ఆపరేటర్‌కి అది చాలు. విమానాల లెక్కకు అలవాటుపడిన కంటికి మాత్రం అదే ఎరుపు, ఆకుపచ్చ తప్పు దిశ చెబుతాయి. మూడో పనికి, అంటే నేల మీది మనిషి గుర్తుపట్టడానికి, అమెరికా నియమంలో ప్రత్యేకంగా ఏ దీపమూ లేదు. యూరప్‌లో ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

కొనుగోలుదారులు ఎక్కువగా పొరపడేది మొదటి రెండింటి మధ్య. డబ్బా తెరిచి ఎగరేయగానే డ్రోన్ చేతుల మీద లైట్లు వెలుగుతాయి కాబట్టి నియమం తీరిపోయిందనుకుంటారు. ఆ లైట్లు చాలా మోడళ్లలో దిశ చూసుకోవడానికి పెట్టినవి, కొన్ని వందల మీటర్లకు మించి ఆనవు. అడుగున వెలిగే ఇంకో తెల్ల లైటు దిగేటప్పుడు కెమెరాకు నేల కనపడటానికి. అదీ స్ట్రోబ్ కాదు.

అమెరికా నియమం ఏం అంటోంది

చిన్న డ్రోన్ల కోసం ఎఫ్‌ఏఏ 2016లో తెచ్చిన పార్ట్ 107 నియమాల్లో రాత్రి ఎగరేయడానికి అసలు అనుమతి లేదు. కావాలంటే ఎఫ్‌ఏఏ దగ్గర ప్రత్యేక మినహాయింపు తీసుకోవాలి. అడిగినవాళ్లలో, పొందినవాళ్లలో ఎక్కువమంది రాత్రి అనుమతి కోసం వచ్చినవాళ్లే. అందరికీ విడివిడిగా ఇస్తున్నదాన్నే నియమంగా మార్చి 2021 జనవరిలో ప్రకటించారు, అది ఏప్రిల్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు షరతులు రెండు. ఒకటి, రిమోట్ పైలట్, అంటే డ్రోన్‌కి బాధ్యుడైన ఆపరేటర్, రాత్రి విషయాలు చేర్చిన కొత్త పరీక్షో శిక్షణో పూర్తిచేసి ఉండాలి. రెండు, డ్రోన్ మీద కనీసం 3 స్టాట్యూట్ మైళ్ల దూరం నుంచి, అంటే సుమారు 4.8 కిలోమీటర్ల నుంచి కనిపించే యాంటీ కొలిజన్ లైటు వెలుగుతుండాలి. దాని మెరుపు వేగం ఢీకొనడాన్ని తప్పించడానికి సరిపోవాలి.

రంగు ఏదో నియమం చెప్పలేదు. నిమిషానికి ఎన్నిసార్లు మెరవాలో చెప్పలేదు. ఎన్ని లైట్లో, ఎక్కడ బిగించాలో చెప్పలేదు. ఫలితం ఎలా ఉండాలో చెప్పి, దారి ఆపరేటర్‌కి వదిలేసింది. ఏ లైటు కొనాలో ఎఫ్‌ఏఏ ఆమోదించిన జాబితా కూడా ఏదీ ఉండదు. తయారీదారు "3 మైళ్లు" అని చెబితే నమ్మవచ్చు, కానీ అది నిజంగా అంత దూరం కనిపిస్తోందా, ఆ రోజు వెలుగుతోందా అన్న బాధ్యత చివరికి రిమోట్ పైలట్‌దే.

ఇంకో పొరపాటు కూడా తరచూ వినిపిస్తుంది: 3 మైళ్లు కనిపించే లైటు ఉంటే 3 మైళ్ల దూరం ఎగరేయొచ్చని. అది నిజం కాదు. డ్రోన్ ఆపరేటర్ కంటి చూపులోనే ఉండాలి, అది ఎటు తిరిగి ఉందో, ఎంత ఎత్తులో ఉందో అతనికి తెలుస్తుండాలి. దూరంలో మెరిసే ఒక్క తెల్ల చుక్క ఆ సంగతులేవీ చెప్పదు. విమానానికి దారి ఇవ్వాల్సింది కూడా డ్రోనే. స్ట్రోబ్ ఉంది కదా, పైలటే తప్పుకుంటాడులే అనుకోవడానికి చట్టంలో చోటు లేదు.

3 మైళ్లు ఎందుకు? ఒక లెక్క

ఒక ఎయిర్ అంబులెన్స్ హెలికాప్టర్ 120 నాట్ల వేగంతో వస్తోందనుకుందాం. అంటే సెకనుకు సుమారు 62 మీటర్లు. డ్రోన్ గాలిలో ఒకచోటే నిలబడి ఉంది. లైటు 4.8 కిలోమీటర్ల నుంచి కనిపిస్తే పైలట్ చేతిలో సుమారు 78 సెకన్లు ఉంటాయి.

అదే లైటు 500 మీటర్ల నుంచే కనిపిస్తే? 8 సెకన్లు. ఒక వస్తువును చూసి, అదేమిటో గుర్తుపట్టి, ఢీకొనే దారిలో ఉన్నామని గ్రహించి, ఎటు తప్పుకోవాలో నిర్ణయించి, చెయ్యి కదిపి, విమానం ఆ మాట వినేసరికి మొత్తం 12.5 సెకన్లు పడుతుందని ఎఫ్‌ఏఏ పైలట్లకిచ్చే సలహా పత్రంలో ఉంది. అంతలో ఆ హెలికాప్టర్ 770 మీటర్లకు పైగా ముందుకొస్తుంది. 500 మీటర్ల లైటు కనిపించేనాటికి తప్పుకునే సమయం అయిపోయి ఉంటుంది. డ్రోన్ చేతుల మీది చిన్న లైట్లు ఎందుకు చాలవో ఈ ఒక్క లెక్కతో తేలిపోతుంది.

78 సెకన్లు మరీ ఎక్కువ కదా అనిపించవచ్చు. కానీ పైలట్ అదే పనిగా ఆ వైపే చూస్తూ కూర్చోడు. పరికరాలు చూడాలి, రేడియోలో మాట్లాడాలి, చూపు ఆకాశమంతా తిప్పాలి. ఆగి ఆగి మెరిసే లైటు అతని చూపు ఆ వైపు తిరిగిన క్షణంలోనే మెరవాలని లేదు. కాబట్టి ఆ మిగులు అవసరమే.

ఇప్పుడు వెలుగు సంగతి. లైటు బలాన్ని క్యాండెలాల్లో కొలుస్తారు. దూరం రెట్టింపైతే కంటికి చేరే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. గాలి పూర్తిగా తేటగా ఉందనుకుని లెక్క కడితే, 1 క్యాండెలా లైటు 3 మైళ్ల దూరంలో 4.4 ప్రమాణపు (ఈ అంకె పెరిగేకొద్దీ మసక) నక్షత్రమంత మసకగా కనిపిస్తుంది. పల్లెటూరి చీకట్లో అయితే కనిపిస్తుంది, నగరపు ఆకాశంలో కనపడదు. అదే దూరంలో ధ్రువ నక్షత్రమంత ప్రకాశంగా కనిపించాలంటే సుమారు 10 క్యాండెలాలు కావాలి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. డ్రోన్ ఎగరేయడానికి కావలసిన కనీస విజిబిలిటీ, అంటే గాలిలో చూపు ఆనే దూరం, కూడా పార్ట్ 107 ప్రకారం 3 మైళ్లే. విజిబిలిటీ సరిగ్గా 3 మైళ్లున్న మంచు రాత్రి, ఆ దూరం దాటేసరికి గాలిలోని తేమా ధూళీ వెలుగులో దాదాపు 95 శాతాన్ని మింగేస్తాయి. అంటే తేట గాలిలో 10 క్యాండెలాలు చేసిన పని చేయడానికి ఇప్పుడు 200 కావాలి. లైటు డబ్బా మీద "3 మైళ్లు" అన్న మాట ఏ గాలిలో పరీక్షించి రాశారో కొనేవాడికి తెలియదు, ఏ గాలిలో పరీక్షించాలో నియమమూ చెప్పదు. ఎగరేసే చోట సరిపోతోందో లేదో చూసుకొమ్మని మాత్రమే అంటుంది. నా దృష్టిలో ఈ నియమంలో అన్నిటికన్నా బలహీనమైన చోటు ఇదే.

మసక వెలుతురులో గడియారాలు కలవవు

దీపం ఎప్పటినుంచి వెలగాలి? సూర్యాస్తమయం అయిన క్షణం నుంచి. ఆ తర్వాత 30 నిమిషాలను పార్ట్ 107 సివిల్ ట్వైలైట్‌గా లెక్కిస్తుంది. ఉదయం సూర్యోదయానికి ముందు 30 నిమిషాలూ అంతే. ఆ వేళల్లో లైటు తప్పనిసరి. రాత్రికి నిర్వచనం వేరే చోట ఉంది: ఎయిర్ ఆల్మనాక్ అనే పంచాంగం ప్రకారం సాయంత్రపు సివిల్ ట్వైలైట్ ముగిసిన దగ్గర్నుంచి ఉదయం అది మొదలయ్యేదాకా. పంచాంగం నిమిషాలు లెక్కపెట్టదు, సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి ఎప్పుడు చేరాడో చూస్తుంది.

ఎడిసన్‌లో డిసెంబరు మధ్యలో సాయంత్రం సుమారు నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది. అయిదింటికల్లా ఆ 6 డిగ్రీలు దాటిపోతాడు. అక్కడ రెండు లెక్కలూ ఇంచుమించు కలుస్తాయి. జూన్‌లో సియాటిల్‌కి వెళ్తే సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఆ 6 డిగ్రీలకు సుమారు 40 నిమిషాలు పడుతుంది. 30వ నిమిషానికి, 40వ నిమిషానికి మధ్య సమయం అక్షరాలా చదివితే ట్వైలైటూ కాదు, రాత్రీ కాదు. అలాగని ఆ పది నిమిషాలు లైటు ఆర్పేవాళ్లు ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా. సూర్యుడు నిటారుగా దిగే విజయవాడలో అయితే పాతిక నిమిషాల్లోపే చీకటి పడిపోతుంది.

విమాన పైలట్లకు ఇంకో రెండు గడియారాలున్నాయి. విమానం దిశాదీపాలు సూర్యాస్తమయం నుంచే వెలగాలి. ప్రయాణికులతో రాత్రి ఎగరడానికి కావలసిన అనుభవం మాత్రం సూర్యాస్తమయం తర్వాత గంట గడిచాక చేసిన ల్యాండింగులతోనే లెక్కకొస్తుంది. ఇంటర్నెట్‌లో "రాత్రి అంటే ఇది" అని ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఇద్దరూ సరిగ్గానే చెబుతూ ఉండవచ్చు, వేర్వేరు నియమాల నుంచి.

తగ్గించవచ్చు, ఆర్పకూడదు

పక్కనే మెరిసే స్ట్రోబ్ ఆపరేటర్ కంటికే దెబ్బ. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి సుమారు 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల మెరుపు ఆ అలవాటును చెడగొడుతుంది. పొగమంచులో అదే మెరుపు తిరిగి మొహాన కొడుతుంది. అందుకని భద్రతకు అదే మేలనిపిస్తే లైటు తీవ్రత తగ్గించే అధికారం నియమం ఇచ్చింది. పూర్తిగా ఆర్పే అధికారం ఇవ్వలేదు. వీడియోలో మెరుపు పడుతోందన్నది కారణం కాదు, భద్రత మాత్రమే కారణం.

డ్రోన్ షోలు దీనికి పెద్ద పరీక్ష. 2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు కృష్ణ మీద బొమ్మలు గీసి గిన్నిస్ రికార్డులు సాధించాయి. అలాంటి ప్రదర్శనలో ప్రతి డ్రోనూ స్ట్రోబ్ కొడితే బొమ్మే కనపడదు. అమెరికాలో ఇలాంటి షోలు లైటు నియమం నుంచి, ఒకే పైలట్ అనేక డ్రోన్లు నడపకూడదన్న నియమం నుంచి మినహాయింపు తీసుకునే జరుగుతాయి.

యూరప్ ఆకుపచ్చ ఎందుకు ఎంచుకుంది

యూరోపియన్ యూనియన్ వేరే కంటిని దృష్టిలో పెట్టుకుంది. అక్కడ 2022 జులై 1 నుంచి ఓపెన్ కేటగిరీలో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని తక్కువ ప్రమాదపు వర్గంలో, రాత్రి ఎగిరే డ్రోన్ మీద మెరిసే ఆకుపచ్చ లైటు ఉండాలి. చూసినవాడు ఇది మనుషులెక్కిన విమానం కాదని సులువుగా గుర్తుపట్టాలన్నదే ఉద్దేశం. విమానాల మీద ఆకుపచ్చ ఉంటుంది కానీ మెరవదు, మెరిసేవి తెలుపో ఎరుపో ఉంటాయి. కాబట్టి మెరిసే ఆకుపచ్చ అంటే డ్రోన్. బ్రిటన్ కూడా 2026 జనవరి 1 నుంచి ఇదే పద్ధతికి వచ్చింది.

ఏది మేలు? అమెరికా పద్ధతిని సమర్థించేవాళ్లు ప్రాణాపాయం ఎక్కడుందో అక్కడే నియమం ఉండాలంటారు. ఢీకొంటే చనిపోయేది హెలికాప్టర్‌లో ఉన్నవాళ్లు, కాబట్టి దూరమే ముఖ్యం, రంగును సాంకేతికతకు వదిలేయాలి. యూరప్ పద్ధతిని సమర్థించేవాళ్లు గుర్తింపు కూడా భద్రతేనంటారు. చూసింది డ్రోన్ అని తెలిస్తే పైలట్ ఇది చిన్నది, దగ్గరలో ఉంది అని అంచనా వేసుకోగలడు. నేల మీద పోలీసులకు వేల ఫోన్లు రావు. రెండు వాదాల్లోనూ బలముంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. 3 మైళ్లు కనిపించే ఆకుపచ్చ స్ట్రోబ్ పెట్టడానికి అమెరికాలో ఏ అడ్డూ లేదు.

అలాగని ఆకుపచ్చ ఉంటే న్యూజెర్సీ గందరగోళం జరిగేది కాదని అనలేం. రాత్రి కంటికి దూరం తెలియదు. దగ్గరున్న చిన్న లైటు, దూరాన ఉన్న పెద్ద లైటు ఒకేలా ఉంటాయి. నెవార్క్ విమానాశ్రయంలో దిగడానికి మన వైపే వస్తున్న విమానం ల్యాండింగ్ లైటు చాలాసేపు కదలకుండా గాల్లో నిలబడ్డట్టే కనిపిస్తుంది. ఆ డిసెంబరులో సాయంత్రం పడమటి దిక్కున శుక్రుడు, తూర్పున గురుడు మహా ప్రకాశంగా ఉన్నారు. డ్రోన్‌కి ఏ రంగు లైటు పెట్టినా గ్రహాల మీద లేబుల్ అతికించలేం. అది ఎవరి డ్రోన్ అన్న ప్రశ్నకు దీపం ఎప్పుడూ సమాధానం కాదు. దానికి రిమోట్ ఐడీ అనే వేరే ఏర్పాటుంది: డ్రోన్ తన గుర్తింపునూ స్థానాన్నీ రేడియోలో ప్రసారం చేస్తుంది. అమెరికాలో 2024 మార్చి 16తో దాని గడువు సడలింపు కూడా ముగిసింది.

భారతదేశంలో

2018లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెచ్చిన మొదటి నియమావళి డ్రోన్లకు మెరిసే యాంటీ కొలిజన్ స్ట్రోబ్ తప్పనిసరి చేస్తూనే, సూర్యోదయం తర్వాత, సూర్యాస్తమయానికి ముందు మాత్రమే ఎగరేయాలంది. దీపం ఉంది, రాత్రి లేదు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ ఆ చట్రాన్నే మార్చేశాయి. ఇప్పుడు కేంద్రంగా ఉన్నవి బరువు, జోన్, రిజిస్ట్రేషన్, పైలట్ సర్టిఫికెట్. ప్రభుత్వం ముందుముందు తప్పనిసరి చేయగల భద్రతా ఏర్పాట్లుగా ఆ రూల్స్ పేరుపెట్టి చెప్పినవి మూడు: అనుమతి లేనిదే లేవకపోవడం, తానెక్కడుందో ఎప్పటికప్పుడు తెలిపే బీకన్, గీసిన హద్దు దాటనివ్వని జియోఫెన్సింగ్. ఎన్ని కిలోమీటర్ల నుంచి కనిపించే దీపం కావాలన్న అమెరికా తరహా కొలత వాటిలో లేదు.

దీపం గురించి ఆలోచించే పెళ్లి వీడియోగ్రాఫర్‌కి ఇక్కడ ఎదురయ్యే అసలు ప్రశ్న బరువు. మొత్తం బరువు 250 గ్రాముల వరకు ఉంటే అది నానో డ్రోన్, దానికి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ ప్రమాణాలకు తగ్గట్టుందన్న ధ్రువపత్రం) అక్కర్లేదు, ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 249 గ్రాముల డ్రోన్‌కి మంచి ఉద్దేశంతోనే 10 గ్రాముల స్ట్రోబ్ అతికించామనుకుందాం. 259 గ్రాములతో అది మైక్రో వర్గంలోకి వెళ్లిపోతుంది. మైక్రో డ్రోన్‌కి టైప్ సర్టిఫికెట్ కావాలి. డబ్బు తీసుకుని పెళ్లి తీస్తున్నారు కాబట్టి అది వాణిజ్య వాడకం, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా కావాలి. అమెరికాలోనూ గీత అక్కడే ఉంది: సరదాకు ఎగరేసేవాళ్లకు 250 గ్రాముల లోపు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, దాటితే కావాలి. డబ్బుకు ఎగరేస్తే బరువు ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పదు. చిన్న డ్రోన్ కొనేముందు అది దీపంతో కలిపి ఎంత తూగుతుందో వంటింటి త్రాసు మీద పెట్టి చూసుకోవడం, తర్వాత పడే చిక్కులకన్నా చాలా తేలిక.